బలసముద్రం సంగటి గుంత, బ్రెడ్డు గిన్నె

బలసముద్రం కర్ణాటకలో పావగడ తాలూకా ఊరు. ఆ తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్రానే. అక్కడ ఒక ఇంట్లో తెలుగు వినబడుతుంది, పక్కింట్లో కన్నడ. రెండూ వచ్చినోళ్ళే ఎక్కువ. మన మిల్లు లైన్లలో చాలామంది పెద్దోళ్ళు ఇట్లాంటి మెట్ట ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. వాన తక్కువ. చెనిక్కాయ, రాగి, ఉలవ, కంది, ఇవే ఆ నేల పెట్టే తిండి.

పోయిన ఎండాకాలంలో నాలుగు రోజులు అక్కడ మా చుట్టాలింట్లో ఉన్నాను. ఇప్పుడు దోవ పొడవునా సోలార్ పలకలే. బలసముద్రం, తిరుమణి, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ ఐదు ఊళ్ళ భూముల్లో సుమారు 13,000 ఎకరాల్లో కరెంటు పార్కు ఉంది. 2018లో మొదలైంది, మొత్తం 2,050 మెగావాట్లు. రైతులు భూమిని అమ్మలేదు, కవులుకిచ్చినారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. వాన రాకపోయినా డబ్బు వస్తుంది, అది చిన్న సంగతి కాదు. అయితే భూమిలేని కూలోళ్ళకు కవులూ రాదు, ఆ చేలల్లో కూలీ కూడా పోయింది. రాగులు పండించిన ఇంట్లోనే ఇప్పుడు రాగిపిండి అంగట్లో కొంటున్నారు.

పిండి కొన్నదైనా సంగటి మాత్రం ఇంట్లోదే. మా వదిన ఎసరు బాగా మరిగినాక పిండి కుప్పగా పోసి, కదపకుండా కాసేపు ఉడకనిచ్చి, ఆ తర్వాత కట్టెతో గెలికి, తడి చేత్తో ముద్ద చేసింది. పళ్ళెంలో పెట్టి నడుమ బొటనవేలితో గుంత చేసి, దాంట్లో ఉలవచారు పోసింది. గుంత గోడ పల్చనైతే చారు పారిపోతుంది, మందమైతే చారు పట్టదు. ఆ కొలత ఆమె చేతికి తెలుసు. గోడ తుంచి చారులో అద్దుకొని తింటాము. చివరికి గిన్నె కూడా కడుపులోకే పోతుంది.

బెంగళూరులో చదివే మా మనవరాలు ఈ మధ్య బేకరీలో బ్రెడ్డు గిన్నెలో సూపు తాగి వచ్చింది. "గిన్నె కూడా తినేయొచ్చు తాతా!" అని గొప్పగా చెప్పింది. "సంగటి గుంత ఇంకేందమ్మా?" అన్నాను. నవ్వింది. సంగటి పేదోళ్ళ తిండి, బ్రెడ్డు గిన్నె పెద్దోళ్ళ తిండి అని మన పిల్లలు అనుకుంటున్నారు. తినే గిన్నె మాత్రం కష్టజీవులకు కొత్తది కాదు.

దక్షిణాఫ్రికాలో డర్బన్ ఊరు చూడండి. చెరుకు తోటల్లో పనికి మన కూలీలను తీసుకొని మద్రాసు నుంచి మొదటి ఓడ 1860 నవంబరులో అక్కడ చేరింది. 1911 దాకా అట్లా పోతూనే ఉన్నారు, వాళ్ళలో తెలుగోళ్ళు చాలామంది. ఆ ఊరి భారతీయుల మధ్య పుట్టిన తిండి బన్నీ చావ్. బ్రెడ్డు నడుమ గుజ్జు తీసేసి చిక్కుళ్ళ కూరో, మాంసం కూరో నింపుతారు. తీసిన ముక్కను పైన మూత లాగా పెట్టి ఇస్తారు. చెంచా వద్దు, పళ్ళెం వద్దు, చేత్తో తుంచుకొని తినడమే. మన సంగటి గుంతకు అది దూరపు చుట్టం.

మన ఇంట్లో కూడా బ్రెడ్డు గిన్నె చేసుకోవచ్చు. రాగిపిండికి సాగే జిగురు లేదు, అందుకే మరిగే నీళ్ళలో ఉడికితేనే ముద్ద నిలబడుతుంది. బ్రెడ్డు పొంగాలంటే గోధుమ జిగురు కావాలి. కాబట్టి 300 గ్రాముల మైదాకు 100 గ్రాముల రాగిపిండి చాలు. చెంచాన్నర ఈస్టు, చెంచా ఉప్పు, చెంచా చక్కెర, రెండు చెంచాల నూనె, సుమారు పావు లీటరు గోరువెచ్చని నీళ్ళు. పది నిమిషాలు బాగా పిసికి, తడిగుడ్డ కప్పి, రెట్టింపు పొంగేదాకా ఉంచాలి. రెండు ఉండలు చేసి ఇంకో అరగంట ఆగాలి.

పైన టీ జల్లెడతో బియ్యప్పిండి పల్చగా చల్లి, కొత్త బ్లేడుతో రాగి కంకి మాదిరి గీతలు పెట్టండి. కాలినాక గీతలు విచ్చుకొని ముగ్గు మాదిరి కనబడతాయి.

ఓవెన్ లేకపోతే మందమైన కుక్కర్ చాలు. గాస్కెట్, విజిల్ తీసేయాలి. అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడి చేసి, పళ్ళెంలో ఒక్కొక్క ఉండ పెట్టి సన్న మంట మీద ముప్పావు గంట దాకా కాల్చండి. అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి. బాగా చల్లారినాకే పైమూత కోసి, వేలెడు మందం గోడ వదిలి గుజ్జు తీయండి. పల్చని రసం నానబెట్టేస్తుంది, చిక్కని పప్పుచారో, ఉలవచారో పోయండి. తీసిన గుజ్జు అద్దుకోడానికి.

పండక్కి బ్రెడ్డు గిన్నె చేయండి, పిల్లలు సంతోషపడతారు. వారానికి రెండు రోజులు మాత్రం సంగటి చేసి, గుంత పెట్టే పని పిల్లల చేతికివ్వండి. భూమి కవులుకు పోయినా రాగులు ఎక్కడన్నా కొనుక్కోవచ్చు. ఆ బొటనవేలి కొలత అంగట్లో దొరికేది కాదు, ఇంట్లో నేర్పితేనే ఉంటుంది.