బీట్ కానిస్టేబుల్‌కి మా సెక్యూరిటీ బాబాయ్ పేరు తెలుసు

అపార్ట్‌మెంట్‌లో దొంగతనం జరిగితే పోలీసులు ముందు ఎవరిని అడుగుతారు? గేటు దగ్గరున్న మనిషినే. రెండేళ్ల కిందట మియాపూర్‌లో మా సెల్లార్ నుంచి ఓ బుల్లెట్ బండి పోయింది. మా సెక్యూరిటీ బాబాయ్ రిజిస్టర్ తెచ్చి చూపించబోతే, "అది తర్వాత. ముందు నువ్వెక్కడ పడుకున్నావో చెప్పు" అన్నారు. సాయంత్రం దాకా స్టేషన్లోనే కూర్చోబెట్టారు. ఆ రాత్రి రెండుసార్లు వచ్చి వెళ్లిన ఆటో నంబరు ఆ రిజిస్టర్లోనే ఉంది! మర్నాడు మా సెక్రటరీ తీసుకెళ్లి ఇస్తే గానీ ఎవరూ చూడలేదు.

కొన్నాళ్లకి అర్ధరాత్రి ఎవరో గోడ దూకుతుంటే బాబాయ్ 100కి ఫోన్ చేయలేదు. మా తలుపు కొట్టాడు. "నేను చేస్తే మళ్లీ నన్నే అడుగుతారు బాబూ" అన్నాడు. ఆయనది శ్రీకాకుళం వైపు, వయసు యాభై దాటింది. ఆ టైమ్‌లో మెలకువగా ఉండే ఒకే ఒక్క మనిషి పోలీసులంటే భయపడుతుంటే, ఇక సీసీ కెమెరాలు ఎన్ని పెట్టి ఏం లాభం?

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలకి 2005లో చట్టం వచ్చింది. కేంద్రం మోడల్ రూల్స్ ప్రకారం గార్డుకి 100 గంటల క్లాసులు, 60 గంటల ఫీల్డ్ ట్రైనింగ్ ఉండాలి. ఎఫ్ఐఆర్ ఎలా ఇవ్వాలో నేర్పాలి. పోలీసుల భుజం మీది బ్యాడ్జీ చూసి ర్యాంకు చెప్పగలగాలి. మా బాబాయ్‌కి ఏజెన్సీ ఇచ్చింది యూనిఫాం, విజిల్. అంతే.

పోలీసుల అనుమానం ఊరికే రాలేదులెండి. వెరిఫికేషన్ లేకుండా మనుషుల్ని పెట్టే ఏజెన్సీలున్నాయి. రెండు నెలలకో గార్డు మారిపోతే బీట్ కానిస్టేబుల్ మాత్రం ఎవరినని గుర్తుపెట్టుకుంటాడు?

మా దగ్గర మార్పు ఓ కొత్త కానిస్టేబుల్‌తో వచ్చింది. బాబాయ్ కొడుకు వయసుంటుంది. రాత్రి రౌండ్లో బ్లూకోల్ట్స్ బండి మా గేటు దగ్గర ఆపి, రెండు నిమిషాలు మాట్లాడి వెళ్లేవాడు. తన నంబరు బాబాయ్ ఫోన్లో తనే సేవ్ చేశాడు. "డౌటొస్తే మిస్డ్ కాల్ ఇవ్వు బాబాయ్, చాలు" అన్నాడు.

ఓ రాత్రి రెండున్నరకి గేటు ఎదురుగా లైట్లు ఆపేసిన కారొకటి కనిపించి బాబాయ్ కాల్ చేశాడు. వాళ్లొచ్చి చూస్తే లోపల క్యాబ్ డ్రైవర్ నిద్రపోతున్నాడు! బాబాయ్ బిక్కచచ్చిపోయాడట. ఆ అబ్బాయి నవ్వి, "మంచి పని చేశావ్, రేపూ ఇట్లాగే చెయ్" అన్నాడట. మా ఆఫీసులోనూ అంతే. ఉత్త అలర్ట్ వచ్చిందని తిడితే, రేపు నిజంగా సర్వర్ పడిపోయినా ఎవడూ చెప్పడు.

ఇప్పుడు అసోసియేషన్‌లో కొందరు ఏజెన్సీని మార్చేద్దాం అంటున్నారు. కొత్తవాళ్లు గార్డుకి నెలకి 1,500 తక్కువ తీసుకుంటారట. అంటే బాబాయ్ వెళ్లిపోవాలి. ఆదివారం మీటింగ్ ఉంది. నేను ఇప్పటికే ఆరు ఫ్లాట్ల వాళ్లతో మాట్లాడాను, ఇంకా పద్నాలుగు ఉన్నాయి.