పెరటి మందు

“పెరటి చెట్టు మందుకు పనికిరాదు” అన్నది మన పెద్దల సామెత. చేరువలో ఉన్న వస్తువు విలువను మానవుడు గుర్తించడని దాని భావం. మా ఇంటి అనుభవం ఇందుకు విరుద్ధమైనది. పెరటి చెట్టును మేము ఎంతగానో విశ్వసించాము. ఒకనాడు ఆ విశ్వాసమే మాకు ప్రమాదంగా పరిణమించింది. ఆ సంగతిని విద్యార్థి మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాది కర్నూలు పాతబస్తీలో ఒక చిన్న ఇల్లు. ఇంటి వెనుక నాలుగు మంచాలు పట్టేంత స్థలం ఉన్నది. ఆ స్థలమంతా మా నాయనమ్మది. ఆమెను మేము దాదీ అని పిలిచేవారం. బియ్యం కడిగిన నీటిని సైతం ఆమె వృథా కానిచ్చేది కాదు. బజారులో కొన్న పుదీనా కట్ట నుండి ఆకు తీసుకొని, మిగిలిన కాడలను తడి నేలలో గుచ్చేది. కొద్ది దినాల్లోనే అవి వేరు పట్టి చిగుర్చేవి. ధనియాలను అరచేతి కింద నలిపి, రెండు బద్దలుగా చేసి చల్లేది. ఒక్కొక్క ధనియంలో రెండు విత్తనాలుంటాయని నేను వృక్షశాస్త్రంలో చదువుకోవడానికి ఎంతో ముందే ఆ సంగతి ఆమె చేతికి తెలుసు. మా ప్రాంతపు ఎండలకు కొత్తిమీర త్వరగా పూతకు వస్తుంది కనుక దానిని చలికాలంలోనే వేసేది. ఒక మూల వాము ఆకు, గోడవారగా అడ్డసరం, వాటి నడుమ కరివేపాకు చెట్టు ఉండేవి.

ఆ మొక్కలకు మా వాడలో రెండేసి పేర్లు. సబ్జా గింజల మొక్క దాదీకి రైహాన్, పొరుగింటి పెద్దమ్మకు రుద్రజడ. దాదీ అడూసా అన్నదానిని పెద్దమ్మ అడ్డసరం అనేది. కరివేపాకు మాత్రం మా దక్కనీ ఉర్దూలో కర్యాపాక్‌గా స్థిరపడి, ఇరువురికీ ఉమ్మడి ఆస్తి అయింది.

దాదీ దృష్టిలో వంట వేరు, వైద్యం వేరు కాదు. రంజాన్ మాసంలో నానిన సబ్జా గింజలు షర్బత్‌లో తేలవలసిందే. బిర్యానీ తిని కడుపు బరువెక్కితే పుదీనా కషాయం సిద్ధం. వాన కురిసిన సాయంత్రం బజ్జీలుగా మారిన వాము ఆకే, మరునాడు మాకు జలుబు చేస్తే పెనం మీద వెచ్చబడి, పిండిన రసమై, తేనెతో కలిసి వచ్చేది. దగ్గుకు అడ్డసరం నాలుగు ఆకులు, నాలుగు మిరియాలు, రెండు గ్లాసుల నీరు. అది ఒక గ్లాసు అయ్యేవరకు మరిగించాలి. ఇరుగు పొరుగు స్త్రీలు అడ్డసరం ఆకు కోరి వస్తే, “ఇంటిలో గర్భిణి ఎవరైనా తాగుతారా?” అని అడిగి గాని ఇచ్చేది కాదు.

నేను ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో ఈ కొలతలన్నీ ఒక నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను. ఏడాది నిండని పసివారికి తేనె ఇవ్వరాదని తరువాత చదివి, ఆ మాటను కూడా చేర్చుకున్నాను. 2021లో దాదీ కన్నుమూసింది. పెరడు, నోటుపుస్తకం నా వంతుకు వచ్చాయి. వైద్యం కూడా నాకు వచ్చిందని భ్రమపడ్డాను.

2023 చలికాలంలో అమ్మీకి దగ్గు పట్టుకున్నది. నేను ఎంతో శ్రద్ధతో కషాయం కాచి ఇచ్చాను. కొంత ఉపశమనం కలిగినట్లే ఉండేది. రాత్రికి దగ్గు మళ్లీ మొదలయ్యేది. ఆకుల సంఖ్య పెంచాను. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతున్నదంటే చలి వలన అనుకున్నాము. చేతి గాజులు వదులై మోచేతి వైపు జారుతుంటే, ఇంటి పని ఎక్కువై చిక్కిపోయిందనుకున్నాము.

ఒక ఉదయం కరివేపాకు కోసం వచ్చిన పెద్దమ్మ ఆ దగ్గు విని, “ఎన్నాళ్ల నుండి?” అని అడిగింది. నేను లెక్కించి, ఐదు వారాలన్నాను. ఆమె నిర్ఘాంతపోయి, “మీ అవ్వ దగ్గుకు రెండు శుక్రవారాలే గడువు ఇచ్చేది గదప్పా!” అన్నది.

నా గుండె ఝల్లుమన్నది. అవును, కషాయం గ్లాసు అందించిన ప్రతిసారీ దాదీ చెప్పేది: “జ్వరానికి మూడు దినాలు, దగ్గుకు రెండు జుమ్మాలు. ఆ తరువాత పొయ్యి ఆర్పి డాక్టరు దగ్గరకు నడువు.” అది ముసలితనపు చాదస్తమని తలచి, నేను నోటుపుస్తకంలో వ్రాసుకోలేదు.

ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాము. కఫ పరీక్షలో క్షయ అని తేలింది. రెండు వారాలకు మించిన దగ్గు ఉన్నవారు క్షయ పరీక్ష చేయించుకోవాలని అక్కడి గోడమీద వ్రాసి ఉన్నది. దాదీ చెప్పిన రెండు జుమ్మాలు కూడా అంతే కదా అని తోచి, అమ్మీ ముఖం చూడలేకపోయాను.

అడ్డసరం అబద్ధం కాదు. అందులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే దగ్గు మందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్ రూపొందింది. కఫాన్ని పలుచబరచడం వేరు, 1882లో రాబర్ట్ కోచ్ కనుగొన్న ఆ క్షయ క్రిమిని నిర్మూలించడం వేరు. రెండవ పనికి డాక్టరు ఇచ్చిన మందులను పూర్తి కాలం, నియమం తప్పక వాడవలసిందే. అమ్మీ ఆరు మాసాలు వాడింది. ప్రభుత్వమే వాటిని ఉచితంగా ఇచ్చింది. రెండవ మాసంలో ఒళ్లు తేలికపడి, “ఇక చాలు బేటా” అన్నప్పుడు, నేను ఒప్పుకోలేదు. ఇంటిల్లిపాదికీ పరీక్షలు జరిగాయి. అదృష్టవశాత్తు మరెవరికీ సోకలేదు. ఇప్పుడు అమ్మీ ఆరోగ్యంగా ఉన్నది. గాజులు మళ్లీ మణికట్టు దగ్గర నిలిచాయి.

బంధువులు కొందరు ఈ వ్యాధి పేరు బయట చెప్పవద్దన్నారు. ఈ వ్యాసం వ్రాసే ముందు అమ్మీని అడిగాను. “వ్రాయి. ఇంకొకరి ఇంటిలో ఐదు వారాలు కాకుండా ఉంటుంది” అన్నది.

కాబట్టి మిత్రులారా, పెరటిలో నాలుగు మొక్కలు తప్పక పెంచండి. పెరడు లేనివారు పగిలిన కుండలోనైనా పుదీనా నాటండి. పెద్దల నుండి వాటి గుణాలను అడిగి వ్రాసుకోండి. ఆకుల లెక్కతో పాటు దినాల లెక్క కూడా వ్రాసుకోండి. నా నోటుపుస్తకంలో ఇప్పుడు ప్రతి మందు పక్కన ఒక గడువు ఉన్నది. అడ్డసరం పుటలో ఎర్ర సిరాతో వ్రాసుకున్నాను: రెండు జుమ్మాలు.