చెంచాడు సోడా

వంటింటి డబ్బాల్లోనే సగం వైద్యం ఉందని మనవాళ్ళకు గట్టి నమ్మకం. కడుపు ఉబ్బరిస్తే వాము, దగ్గు వస్తే మిరియాల కషాయం. ఈమాత్రానికే డాక్టరు దగ్గరకు పరుగెత్తేవాణ్ణి నేనూ మెచ్చుకోను. చిక్కల్లా, డాక్టరు రాసిచ్చిన మందుకు బదులుగా ఆ డబ్బా మూత తీసినప్పుడే.

మా బావగారికి మూత్రపిండాలు కొంచెం మందగించాయి. రక్తంలో ఆమ్లం పెరిగిందని డాక్టరుగారు సోడియం బైకార్బనేటు మాత్రలు రాశారు. పేరు చదివి బావగారు ఫక్కున నవ్వారు.

"ఏమోయ్ తెలుగు మాస్టారూ! ఇది మీ అక్క బజ్జీల్లో వేసే సోడాయే గదా! దీనికి మందులషాపు ఎందుకోయ్?"

మర్నాటినుంచి రోజూ టీచెంచాడు సోడా నీళ్ళలో కలుపుకుని తాగసాగారు.

పదార్థం మాటకు వస్తే ఆయన అన్నది అక్షరాలా నిజం. రెండూ ఒకటే. తేడా అంతా కొలతలో ఉంది. మాత్ర ఒక్కొక్కటి 500 మిల్లీగ్రాములు. ఆయనకు రాసినవి రోజుకు మూడు. టీచెంచాడు సోడా సుమారు 5 గ్రాములు. అంటే దాదాపు పది మాత్రలు ఒక్క గుక్కలో! అందులో సోడియమే సుమారు 1,300 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 2,000 దాటవద్దని ప్రపంచ ఆరోగ్యసంస్థ హితవు. పదిరోజులకు పాదాలు ఉబ్బాయి, రక్తపుపోటు పెరిగింది. ఆయనకు చెప్పులు పట్టడం లేదని అక్కయ్య కనిపెట్టి, వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళింది కనుక గండం గడిచింది.

అలాగని సోడాను తిట్టనక్కరలేదు. 1971లో పశ్చిమ బెంగాలులోని బనగావ్ శరణార్థుల మధ్య కలరా చెలరేగినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఎన్నో ప్రాణాలు నిలిపింది గ్లూకోజు, ఉప్పు, ఈ వంటసోడా కలిపిన నీళ్ళతోనే. అయితే అదంతా ఉజ్జాయింపు వ్యవహారం కాదు సుమండీ! లీటరు నీళ్ళకు గ్లూకోజు 22, ఉప్పు 3.5, సోడా 2.5 గ్రాముల చొప్పున తూచి పొట్లాలు కట్టించారు.

మా ఛందస్సులోనూ మాత్ర అంటే కొలతే. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. ఒక్కటి ఎక్కువైతే పద్యం కుంటుతుంది. పద్యాన్నయితే దిద్దుకోవచ్చు, ఒంటిని దిద్దుకోవడం అంత తేలికా?

మందుల ఖర్చు భారమైతే ఆ మాట డాక్టరుతోనే చెప్పండి. ఇంట్లో ఉన్నది పనికివస్తుందేమో కూడా ఆయన్నే అడగండి. పనికివస్తుందంటే, ఎంత వేసుకోవాలో కాగితంమీద రాయించుకు రండి.