నంద్యాల కొర్రమడుల నడుమ

భాద్రపదమాసమున, నల్లరేగడిలో వానచెమ్మ యింకను ఆరకమునుపే, నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమునకు పోయి అచ్చటి కొర్రమడులను చూచితిని. 1906 లో నెలకొని, రాయలసీమ మెట్టపంటలకు చిరకాలముగా ఆశ్రయమైన యీ క్షేత్రమే కృష్ణదేవరాయ, నరసింహరాయ, సూర్యనంది మున్నగు కొర్ర వంగడములను రైతుల కందించినది.

అచ్చటి శాస్త్రజ్ఞులొకరు ఒక దుబ్బును సమూలముగా పెకలించి నా చేతికిచ్చి, “మొదట వేళ్లు చూడండి” అనిరి. తల్లివేరు లేదు, కాండమూలమున గుత్తులుగా పుట్టిన పీచువేళ్లు మాత్రమే కలవు. కణుపు కణుపున ఆకు మొదలు ఒరయై కాండమును చుట్టుకొని, పిదప సన్నని దళమై సాగుచున్నది. ఒరయు దళమును కలియుచోట నూగు అంచు కలదు. కొనయందు నక్కతోకను తలపించు వెన్ను గింజబరువునకు వంగియున్నది. భూతద్దముతో చూడగా, ప్రతి చిరుకంకి క్రిందను ఒకటి మొదలు మూడువరకు శూకములును, చిరుకంకిలో రెండు పుష్పికలును కానవచ్చినవి. వానిలో క్రిందిది వంధ్యము, పైదియే ఫలించునది. పూవులు ఎక్కువగా అర్ధరాత్రి మొదలు ప్రాతఃకాలము వరకు విచ్చుకొని, ప్రాయికముగా తమ పుప్పొడితోనే ఫలదీకరణము చెందును. కావుననే రైతు దాచుకొన్న విత్తనము తల్లిపంట గుణమును చాలవరకు నిలుపుకొనును.

ఈ ఏకవార్షిక తృణమును 1753 లో వృక్షశాస్త్రజ్ఞుడగు లిన్నేయసు వర్ణింపగా, 1812 లో మరియొక వృక్షశాస్త్రజ్ఞుడగు బోవా దీనిని సెటేరియా ప్రజాతిలో చేర్చెను. దీని పూర్వజమగు సెటేరియా విరిడిస్ నేటికిని ఆసియా, ఐరోపా ఖండములలో కలుపుగడ్డిగా పెరుగుచున్నది. అడవిమొక్క పండినంతనే గింజను రాల్చివేయును. కొర్ర యట్లుగాక, కోతవరకు గింజను వెన్నుననే నిలుపుకొనును. దాదాపు ఎనిమిది వేల యేండ్ల క్రిందట ఉత్తర చైనాలోని హోయాంగ్‌హో నదీప్రాంత కర్షకులు, రాలని వెన్నులనే యేరి విత్తుచు వచ్చినందున సిద్ధించిన గుణమిది. అచ్చటినుండి ఈ పంట కొరియా, జపాను, మధ్యాసియా, ఐరోపాలకు వ్యాపించెను; అమెరికాలో దీనిని పశుగ్రాసముగను, పక్షుల మేతగను పండింతురు. మనదేశమున ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడుల మెట్టభూములే దీనికి ముఖ్యస్థానములు.

తొలకరికి మొలచి, ఎనుబది తొంబది దినములలో జీవితచక్రమును ముగించు ఈ తృణము, వర్షము ముఖము చాటువేయుటకు ముందే గింజను కూర్చుకొనును. ఎండకాకకు తట్టుకొని, స్వల్పజలముతోనే పిండిపదార్థమును సమకూర్చుకొను కిరణజన్యసంయోగ విధానము దీనికి సహజముగా కలదు. పరిశోధనాలయములు విత్తనమును శీతలగృహములలో భద్రపరుపగలవు. కాని దానిని ఏటేట మారు ఋతువులకు అలవరచునది రైతుపొలమే. కావున మెట్టసేద్యము చేయు ప్రతి రైతును ఏటేట ఒక చాళ్ల పట్టెనైనను కొర్రకు కేటాయించి, మేలైన వెన్నులను ఏరి, విత్తనము దాచుకొనవలెనని నా విన్నపము.