రెండో గేరులో కొండగట్టు

సిరిసిల్లలో ఉన్నన్నాళ్లూ మరమగ్గాల చప్పుడుకి నాకు కంటిమీద కునుకు లేదు. లంగా బట్ట బేళ్లు వేసుకుని కోరుట్ల వెళ్తున్న బొలెరో పికప్‌లో చోటు దొరగ్గానే ఎక్కేశాను. వీపు నిట్టనిలువుగా, మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి ఆనిపోయి, అరగంటకే నడుం పట్టేసింది. వేములవాడ, కొడిమ్యాల అలాగే దాటాయి.

"అంజన్నకు మొక్కి పోదాం సార్" అన్నాడు డ్రైవరు.

కొండగట్టు మీది ఆంజనేయస్వామి గుడిలో మనుషులతో సమానంగా బళ్లకూ పూజలు జరుగుతాయి. పవన్ కల్యాణ్ తన ప్రచార వాహనం వారాహికి 2023 జనవరిలో పూజ చేయించింది ఇక్కడే. మావాడు కొబ్బరికాయ కొట్టి వచ్చి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకు పెడలు రెండుసార్లు గట్టిగా తొక్కి చూసుకున్నాడు. మొక్కు మొక్కే, బ్రేకు బ్రేకే.

ఘాట్ రోడ్డు మొదలవకముందే సెకండ్ గేరులోకి దించాడు. ఇంజిన్ ఒక్కసారి గుర్రుమంది, బండి ముందుకు ఒరిగి, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు నిలదొక్కుకుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేదు, క్లచ్ దరిదాపుల్లోనూ లేదు. మలుపు ముందు మాత్రం బ్రేకు ఒకసారి తొక్కి వదిలేవాడు.

"ఏ గేర్ల ఎక్కుతమో గదే గేర్ల దిగాలె. బ్రేకు మీదనే కాలు పెట్టుకుంట దిగితే లైనర్లు కాలుతయి. గప్పుడు ఎంత తొక్కినా బండి ఆగది."

డీజిల్ ఇంజిన్ పెట్రోలు ఇంజినంత గట్టిగా బండిని పట్టి ఉంచదు. పెట్రోలు బండిలో కాలు తీస్తే గాలి దారి మూసుకుపోయి, పిస్టన్లు ఆ ఖాళీని లాగలేక తంటాలు పడతాయి. డీజిల్‌లో గాలి నిండుగా వెళ్తుంది. నొక్కుకుపోయిన ఆ గాలి మళ్లీ పిస్టన్‌ను తన్ని, లాక్కున్న బలంలో చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది. పెద్ద లారీలకు ఎగ్జాస్ట్ బ్రేకు విడిగా పెట్టేది ఇందుకే. పికప్‌కి ఉన్న దారి చిన్న గేరే: ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే అంత ఎదురుబలం.

"కొందరు న్యూట్రల్ల వదుల్తరు, డీజిల్ మిగుల్తదని" అన్నాడు. మిగలదు. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి కాలు తీస్తే ఇంజెక్టర్లు డీజిల్ ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఐడ్లింగ్‌కి ఎంతోకొంత తాగుతుంది. తాళం కట్టేసి దించే మహానుభావుల సంగతి మరీ ఘోరం. ఇంజిన్ ఆగితే వ్యాక్యూమ్ పంపూ ఆగుతుంది, నాలుగు తొక్కులకు పెడలు బండరాయి అవుతుంది.

ఒక మలుపు దగ్గర అతని మాట ఆగింది. నేనూ అడగలేదు. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాల వెళ్తున్న ఆర్టీసీ బస్సు ఈ ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో ఉన్నది వందమందికి పైనే. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. మంగళవారం అంజన్న దగ్గర రద్దీ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ బస్సు ఎంత కిక్కిరిసి ఉందో ఊహకు అందుతుంది.

కింద హైవే ఎక్కే ముందు బండి పక్కకు ఆపి, వెనక చక్రం రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. నన్నూ చూడమన్నాడు. వెచ్చగా ఉంది, అంతే. కాలిన డ్రమ్ము మీద నీళ్లు కొడితే పగులుతుందట.

జగిత్యాలలో టీ తాగాం. 1747లో ఫ్రెంచి ఇంజినీర్లు కట్టిన నక్షత్రం ఆకారపు కోట ఇక్కడుంది. కోట గోడ దాకా వెళ్లొస్తానంటే, "కోరుట్ల సేటు తిడ్తడు సార్" అని హారన్ కొట్టాడు. కోట చూడటానికే మళ్లీ రావాలి.

కోరుట్ల సేటు తిట్టనే తిట్టాడు, ఆలస్యానికి కాదు. నల్లబట్ట చెప్తే సగం బేళ్లు తెల్లవి వచ్చాయట. డ్రైవరు సిరిసిల్లకు ఫోన్ కలిపి, ఫోను సేటు చేతికిచ్చి, తను టైర్లలో గాలి చూసుకోవడానికి పోయాడు.