రోజుకో మిల్లీమీటరు

చిన్నప్పుడు విరిగిన ఎముక వంకరగా అతుక్కోవడంతో మా రూమ్మేటు కుడికాలు 4 సెంటీమీటర్లు పొట్టిగా మిగిలింది. డాక్టర్లు మోకాలి కింద ఎముక కోసి, చుట్టూ ఇలిజరోవ్ రింగులు బిగించారు. 1950ల్లో సైబీరియాలోని కుర్గాన్‌లో డాక్టర్ ఇలిజరోవ్ అభివృద్ధి చేసిన పద్ధతి అది. పావు మిల్లీమీటరు చొప్పున రోజుకు నాలుగుసార్లు నట్లు తిప్పాలి. హాస్టల్లో ఆ పని వంతులవారీగా మేమే చేశాం.

40 రోజుల్లో కాలు సాగింది. సాగిన చోట పుట్టిన కొత్త ఎముక గట్టిపడటానికి మాత్రం ఇంకా నెలలు పట్టింది. పిన్నుల దగ్గర చీము పట్టకుండా శుభ్రం చేశాం. చీలమండ బిగుసుకోకుండా, వాడు ఏడ్చినా వ్యాయామం చేయించాం. ఇప్పుడు కర్ర లేకుండా మెస్సుకు వస్తున్నాడు.

తమ్ముళ్లారా! మా ఇళ్లల్లో మేమే మొదటి డిగ్రీవాళ్లం. సీటు రావడమంటే ఎముక సాగడమే. గట్టిపడేదాకా పక్కన మనుషులుండాలి. ఉందాం.