గాంఠ్ ఉన్న దూలం

మా అబ్బా యాభై ఏళ్లు వడ్రంగం చేశాడు. మా మొహల్లాలో సగం ఇళ్ల చౌకట్లు ఆయన చేతివే. టేకు కొనడానికి అడితికి పోతూ చిన్నప్పుడు నన్నూ తీసుకెళ్లేవాడు. పలకను తిప్పి తిప్పి చూసి, కణుపు కనిపిస్తే పక్కన పెట్టేసేవాడు. "గాంఠ్ హై, నక్కో" అనేవాడు. గాంఠ్ తగిలితే రందా పదును పోతుంది, పని ఖరాబ్ అవుతుంది.

ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి. ఉలులు, బాడిస, రందాలు ఉన్న చెక్కపెట్టె మంచం కింద చేరింది. ఈ రోజుల్లో కంప్యూటర్‌కి డిజైన్ ఎక్కిస్తే మెషినే చెక్కేస్తోంది. ఆ పెట్టె ఇంకెందుకని కబాడీవాడిని పిలిచాను.

అదే వారం మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చాడు. శిల్పకళ చదువుతున్నాడు. "అమ్మొద్దు అబ్బా, ఆ పెట్టె నాకు కావాలి" అన్నాడు. అమ్మీ గుండె మీద చెయ్యి వేసుకుంది. "క్యా రే, బుతాం బనాతా క్యా?" నా ఫికర్ వేరు. దీంతో వీడికి రోజీ ఎట్లా నడుస్తుంది?

వాడు జవాబు చెప్పలేదు. దాదా పక్కన కూర్చుని ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. అది ఇటలీ కళాకారుడు జుసెప్పే పెనోనే పని. ఆయన 1947లో పుట్టాడు. 1969 నుంచి ఇలాంటివి చేస్తున్నాడు. రంపపు మిల్లులో నలుచదరంగా కోసిన దూలాన్ని తీసుకుంటాడు. అందులో ఒక వలయాన్ని ఎంచుకుంటాడు. చెట్టుకు ఏడాదికో వలయం కదా. ఆ ఏడాది తర్వాత పెరిగిన చెక్కంతా తీసేస్తాడు. మోటు పనికి మెషిన్ రంపం, దగ్గరికొచ్చేసరికి చిన్న ఉలులు. చివరికి దూలం లోపలి నుంచి కొమ్మలతో సహా పడుచు చెట్టు బయటికొస్తుంది. 1980-82లో చేసిన '12 మీటర్ల చెట్టు' లండన్ టేట్ మ్యూజియంలో ఉంది. 1999 డిసెంబర్ తుఫానుకు వెర్సాయిల్లో కూలిన దేవదారు మాను లోపల కూడా ఇలాగే చిన్న చెట్టును చెక్కి చూపించాడు.

అబ్బా కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "అరే, గాంఠాం సబ్ రఖ్ లియా!" అన్నాడు. గాంఠ్ అంటే కొమ్మ వేరు. చెట్టు గుండె దాకా మేకులా దిగి ఉంటుంది. ఆ సంగతి అబ్బాకు ఎప్పటినుంచో తెలుసు. జిందగీ అంతా ఐబ్ అని పారేసినదాన్నే ఒకడు కొమ్మగా నిలబెట్టాడని మాత్రం అప్పుడే చూశాడు.

మర్నాడు ఫజర్ నమాజ్ అయ్యాక సానరాయి దగ్గర కూర్చున్నాడు. ఉలి మనవడి చేతిలో, ఆ చెయ్యి తన చేతిలో. పాత ఇల్లు పడగొట్టినప్పుడు మిగిలిన టేకు దూలం పెరట్లో ఉంది, నిండా గాంఠ్‌లు. దాని మీదే సబక్ మొదలైంది. "రేషాకు ఎదురు పోవద్దు బేటా. గాంఠ్ దగ్గర చెక్క తిరుగుతుంది, నువ్వూ తిరుగు." మూడో రోజు ఉలి జారి ఒక కొమ్మ తెగిపోయింది. వాడు ఏడ్చినంత పని చేశాడు. అతికిస్తానంటే అబ్బా ఒప్పుకోలేదు. "ఎక్కడ తొందరపడ్డావో యాద్ ఉంటుంది, ఉండనీ."

సెలవులు అయ్యేసరికి దూలంలో సగం నుంచి బొటనవేలంత కొమ్మలతో సన్నటి మాను లేచింది. అమ్మీ వచ్చి దాన్ని తడిమింది. "బుత్ నయ్, ఝాడ్ హై" అంది నెమ్మదిగా. తర్వాత నా వైపు తిరిగి, "దీనికే నీ ఝూలా కట్టాం" అంది.

రోజీ ఫికర్ నాకు పోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. పెట్టె మాత్రం వాడితో హైదరాబాద్ వెళ్లింది. దాన్ని కబాడీకి ఎంతకు బేరం పెట్టానో అబ్బాకు ఇప్పటిదాకా చెప్పలేదు. మూడు వందలు.